అమెరికా ఫెడరల్ కాంట్రాక్టర్లు ప్రభుత్వ సరఫరా మార్గాల్లో సరుకు కొనడం ఎలా? అనుమతి లేఖ నుంచి లెక్క అప్పగింత దాకా

అమెరికా ఫెడరల్ ప్రభుత్వానికి పని చేసిపెట్టే కంపెనీల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది: ‘పని ప్రభుత్వానిదే, డబ్బూ ప్రభుత్వానిదే, మరి ప్రభుత్వం కొనే రేటుకు సరుకు మనకెందుకు దొరకదు?’ దొరుకుతుంది. దానికి దారి కూడా రూల్ బుక్కులోనే ఉంది. ఫెడరల్ అక్విజిషన్ రెగ్యులేషన్‌లో, అంటే అందరూ ‘ఫార్’ అని పిలిచే నిబంధనావళిలో, 51వ భాగం మొత్తం దీని గురించే. అయితే అది హక్కుగా రాదు. ప్రభుత్వం తరఫున కాంట్రాక్టు చూసే అధికారి, అంటే కాంట్రాక్టింగ్ ఆఫీసర్, రాసి ఇస్తేనే వస్తుంది. ఆ రాతలో ఉన్నంతవరకే చెల్లుతుంది. చిక్కులన్నీ ఈ ఒక్క విషయం మర్చిపోయిన చోటే మొదలవుతాయి.

ముందే ఒక హెచ్చరిక. 2025 ఏప్రిల్‌లో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వుతో ఫార్‌ను సమూలంగా తిరగరాసే పని మొదలైంది. ఏజెన్సీలు కొత్త పాఠాలను సడలింపుల రూపంలో అమలు చేస్తున్నాయి. ఇక్కడ చెప్పే నంబర్లు ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న పాఠానివి. మీకు వర్తించేది మాత్రం మీ కాంట్రాక్టులో ఏ క్లాజ్, ఏ నెల, ఏ సంవత్సరం పాఠం అని రాసి ఉందో అదే. ఇంటర్నెట్‌లో కనిపించే తాజా పాఠం కాదు.

మొదట: మీ కాంట్రాక్టు ఏ రకం?

ఈ వెసులుబాటు ప్రధానంగా కాస్ట్ రీయింబర్స్‌మెంట్ కాంట్రాక్టుల కోసం పెట్టింది. ఈ పద్ధతిలో మీరు పెట్టిన ఖర్చును ప్రభుత్వం తిరిగి చెల్లిస్తుంది. మీకు సరుకు చవగ్గా దొరికితే ఆ మిగులు ప్రభుత్వానిదే కాబట్టి, తన స్టోర్స్ తలుపు తెరవడం దానికే లాభం. ఫిక్స్‌డ్ ప్రైస్‌లో అలా కాదు. ధర ముందే ఖాయమైపోయింది, చవగ్గా కొంటే ఆ తేడా మీ జేబులోకి పోతుంది. అందుకే ఆ తలుపు మామూలుగా తెరుచుకోదు.

మినహాయింపులు కొన్ని ఉన్నాయి. మీ కంపెనీ ప్రభుత్వ కాంట్రాక్టుల విలువలో పెద్ద వాటా కాస్ట్ రీయింబర్స్‌మెంట్ తరహాదేనని ఏజెన్సీ నిర్ధారిస్తే, సంప్రదింపులతో కుదిరిన ఇతర రకాల కాంట్రాక్టులకు కూడా అనుమతి రావచ్చు. రహస్య సమాచారం కాపాడాల్సిన ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్టరు సేఫ్‌ల వంటి భద్రతా పరికరాలను జీఎస్ఏ ద్వారా, అంటే ప్రభుత్వ శాఖలకు సరుకులు, సేవలు సమకూర్చే జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ ద్వారా, తెప్పించుకోవచ్చు. అంధులు, తీవ్ర వైకల్యం ఉన్నవారు పనిచేసే ఎబిలిటీవన్ సంస్థలకు వేరే వీలుంది. పనిగంటలకు, వాడిన సామగ్రికి లెక్కగట్టి డబ్బు తీసుకునే టైమ్ అండ్ మెటీరియల్స్ కాంట్రాక్టుల వాళ్లు ‘మాకూ ఉందా?’ అని అడుగుతుంటారు. మూల పాఠంలో సూటిగా లేదు. మీ ఏజెన్సీ ఏదైనా సడలింపు ఇచ్చిందేమో కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌నే అడగండి.

కాంట్రాక్టులో 52.251-1 ఉందో లేదో వెతకండి

క్లాజ్ పేరు ‘గవర్నమెంట్ సప్లై సోర్సెస్’. చాలా చిన్నది, కానీ అందులో మూడు విషయాలున్నాయి. ఆఫీసర్ అనుమతి ఇవ్వవచ్చు. కాంట్రాక్టులో వేరేగా రాస్తే తప్ప అలా కొన్న ఆస్తి ప్రభుత్వానిదే. ఆ ఆస్తికి 52.245-1, అంటే ప్రభుత్వ ఆస్తి క్లాజ్, పూర్తిగా వర్తిస్తుంది. మొదటి వాక్యంలో ‘ఇవ్వవచ్చు’ అని ఉందే కానీ ‘ఇస్తారు’ అని లేదు. క్లాజ్ ఉంది కదా అని కొనడం మొదలుపెట్టేవాళ్లు ఈ తేడా గమనించరు. క్లాజ్ ఉంటే దారి ఉందని మాత్రమే అర్థం. నడవాలంటే లేఖ కావాలి.

రక్షణ శాఖ కాంట్రాక్టయితే 252.251-7000 కూడా చూడండి. ఆర్డర్లు ఎలా పెట్టాలి, బిల్లు ఎప్పట్లోగా కట్టాలి అన్నది అక్కడ ఇంకా వివరంగా, ఇంకా కఠినంగా ఉంటుంది.

స్టాక్ వేరు, షెడ్యూల్ వేరు

ప్రభుత్వ సరఫరా అనగానే అందరి మనసులో ఒకే పెద్ద గోడౌన్ మెదులుతుంది. నిజానికి రెండు వేర్వేరు పద్ధతులున్నాయి. ఈ రెండిటినీ కలిపేస్తే కాగితాలన్నీ తారుమారవుతాయి.

ఒకటి ప్రభుత్వ స్టాక్. జీఎస్ఏ వారి గ్లోబల్ సప్లై, రక్షణ శాఖ వారి డిఫెన్స్ లాజిస్టిక్స్ ఏజెన్సీ ఈ కోవలోకి వస్తాయి. ఇక్కడ అమ్మేది ప్రభుత్వమే, బిల్లు పంపేదీ ప్రభుత్వమే. మీరు పంపేదాన్ని పర్చేజ్ ఆర్డర్ అనరు, రిక్విజిషన్ అంటారు.

రెండోది ఫెడరల్ సప్లై షెడ్యూల్. ఇప్పుడు మల్టిపుల్ అవార్డ్ షెడ్యూల్ పేరుతో నడుస్తోంది. అమ్మేవి ప్రైవేటు కంపెనీలు. జీఎస్ఏ వాటితో ముందే ధరలు, షరతులు మాట్లాడి పెట్టి ఉంచుతుంది. ఆ ధరలోనే జీఎస్ఏకి చేరే 0.75 శాతం రుసుము కలిసి ఉంటుంది. ఆర్డర్ కంపెనీకి వెళ్తుంది, బిల్లు కంపెనీ నుంచే వస్తుంది. జాబితాలో కనిపించేది గరిష్ఠ ధర. పెద్ద ఆర్డర్ అయితే తగ్గించమని అడగడంలో తప్పు లేదు, మొహమాటం అక్కర్లేదు.

మందులు, వైద్య సామగ్రి కావాలంటే వెటరన్స్ అఫైర్స్ శాఖ దారి ఉంది. దానికి ఆ శాఖ ఆమోదం విడిగా తీసుకోవాలి. పాత పాఠంలో హీలియం కోసం టెక్సస్‌లోని అమరిల్లో కార్యాలయం కూడా కనిపిస్తుంది. అక్కడి ఫెడరల్ హీలియం వ్యవస్థను 2024లో ప్రైవేటు కంపెనీకి అమ్మేశారు. రూల్ బుక్కులో ఉన్నదంతా బయట ఉంటుందని అనుకోకూడదనడానికి ఇదో ఉదాహరణ.

మన పాఠకులు అడిగే ఇంకో ప్రశ్న: ఇండియాలో తయారైన సరుకు షెడ్యూల్‌లో దొరుకుతుందా? మామూలుగా దొరకదు. షెడ్యూల్ వస్తువులకు ట్రేడ్ అగ్రిమెంట్స్ యాక్ట్ వర్తిస్తుంది, ఆ చట్టం గుర్తించిన దేశాల జాబితాలో ఇండియా లేదు.

అనుమతి అడిగే లేఖ ఎలా రాయాలి

అనుమతి ఇచ్చే ముందు కాంట్రాక్టింగ్ ఆఫీసర్ ఎందుకిస్తున్నారో రాతపూర్వకంగా ఫైల్లో పెట్టాలి. ఆ రాతకు కావాల్సిన సరంజామా మీరే అందిస్తే పని త్వరగా తెములుతుంది. ‘దయచేసి అనుమతించగలరు’ అని రెండు లైన్లు రాసి ఊరుకుంటే ఆ ఫైలు బల్ల మీదే ఉండిపోతుంది. ఆఫీసర్ చూడాల్సినవి అయిదు: ఆర్డర్లు పెట్టడానికి అయ్యే ఆఫీసు ఖర్చుతో పాటు ఆలస్యమైతే పని మీద పడే ప్రభావం; ప్రభుత్వ మార్గంలో ఎంత చవక; ఆ వస్తువు మీ పనికి సరిపోతుందా; డెలివరీకి పట్టే సమయమూ ఖర్చూ; చివరగా, కాంట్రాక్టరుగా మీ సిఫారసు.

కాబట్టి లేఖను వీటి చుట్టూనే అల్లండి. కాంట్రాక్టు నంబర్, కావాల్సిన వస్తువుల జాబితా, ఒక్కోటి ఏ పనికి వాడతారో ఒక వాక్యం, బయటి ధర, ప్రభుత్వ మార్గంలో ధర, రెండింటి డెలివరీ సమయం. ఎంత కాలానికి కావాలో కూడా చెప్పండి, ఎందుకంటే వీలైన చోట అనుమతికి గడువు పెట్టాలన్నది నిబంధన. అన్ని వస్తువులూ ప్రభుత్వం దగ్గరే చవకని చూపించాల్సిన పని లేదు. బయట చవగ్గా దొరికేవాటిని మీరే జాబితాలోంచి తీసేస్తే, మిగతావాటి మీద ఆఫీసర్‌కు నమ్మకం కుదురుతుంది.

సబ్ కాంట్రాక్టరు అయితే మీరు నేరుగా ఆఫీసర్‌కు రాయకూడదు. ప్రభుత్వంతో నేరుగా కాంట్రాక్టు ఉన్న ప్రైమ్ కాంట్రాక్టర్ ద్వారానే, వాళ్ల ఆమోదంతోనే వెళ్లాలి. ప్రైమ్‌కు వచ్చిన అనుమతి మీకూ దానంతటదే వర్తించదు. ప్రైమ్ లేఖ జిరాక్స్ పెట్టుకుని ఆర్డర్ పెట్టిన సబ్ కాంట్రాక్టరుకు ఆ ఖర్చు ఎవరి దగ్గరా వసూలు కాకపోవచ్చు.

లేఖ వచ్చాక: ప్రతి లైనూ చదవండి

ఏ కాంట్రాక్టు నంబర్లు, ఏ తేదీ దాకా, ఏ మార్గాలు, ఏమైనా పరిమితులు, సబ్ కాంట్రాక్టర్ల ప్రస్తావన ఉందా? మీ దగ్గర రెండు కాంట్రాక్టులుండి లేఖలో ఒకటే ఉంటే, రెండోదానికి ఒక్క బోల్టు కూడా కొనకూడదు. కాంట్రాక్టును పొడిగించినప్పుడు అనుమతి గడువు కూడా పొడిగించారో లేదో విడిగా చూడాలి. ఆప్షన్ ఇయర్ (కాంట్రాక్టులో ముందే రాసిపెట్టిన పొడిగింపు ఏడాది) మొదలైంది కదా అని పాత లేఖతోనే ఆర్డర్లు పెట్టుకుంటూ పోవడం ఆడిట్‌లో తరచూ బయటపడే తప్పు.

స్టాక్ కోసం ఆఫీసర్ మీకు ఒక యాక్టివిటీ అడ్రస్ కోడ్ తెప్పిస్తారు. ఆరు అక్షరాలో అంకెలో ఉంటాయి. రక్షణ శాఖ వైపు దీన్ని ‘డోడాక్’ అంటారు. ప్రభుత్వ కాంట్రాక్టర్లు నమోదయ్యే శామ్ వెబ్‌సైట్ రిజిస్ట్రేషన్‌లో కంపెనీ గుర్తింపుగా వచ్చే పన్నెండు అక్షరాల యూఈఐ, అయిదు అక్షరాల కేజ్ కోడ్ వేరు, ఇది వేరు. ఇంకో కాంట్రాక్టు కోసం పాతది ఉంది కదా అని వాడకండి. ఆఫీసర్ ఈ అనుమతికి తెప్పించిన కోడ్ మాత్రమే వాడాలి.

షెడ్యూల్ ఆర్డర్ పెట్టడం

ఆర్డర్‌తో పాటు మూడు ఉండాలి. అనుమతి లేఖ కాపీ (ఆ కంపెనీకి ముందే ఇచ్చి ఉంటే మళ్లీ అక్కర్లేదు). ఈ ఆర్డర్ ఫలానా కార్యాలయం ఫలానా తేదీన రాసి ఇచ్చిన అనుమతి కింద పెడుతున్నామని, దీనికీ షెడ్యూల్ కాంట్రాక్టుకూ తేడా వస్తే షెడ్యూల్ షరతులే చెల్లుతాయని చెప్పే ప్రకటన. దీని ఇంగ్లిష్ పాఠం నిబంధనలోనే ఉంది, సొంత మాటల్లో మార్చకుండా అలాగే దించండి. మూడోది, ఉత్తరాలు, సరుకు, బిల్లులు చేరాల్సిన పూర్తి చిరునామాలు.

మీ కంపెనీ పర్చేజ్ ఆర్డర్ వెనకాల లాయర్ రాసిచ్చిన నాలుగు పేజీల షరతులుంటాయి. ఆ ప్రకటన పెట్టాక, షెడ్యూల్‌తో ఢీకొన్న చోట అవి పనికిరావు. వారంటీ, రిటర్న్, షిప్పింగ్ ఎలా ఉంటాయో తెలియాలంటే షెడ్యూల్ కాంట్రాక్టే చదవాలి.

సేల్స్ ట్యాక్స్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రభుత్వ ధరకు కొన్నంత మాత్రాన మీరు ప్రభుత్వం అయిపోరు. ఫెడరల్ కాంట్రాక్టర్లకు ప్రభుత్వంతో సమానంగా రాష్ట్ర పన్నుల నుంచి మినహాయింపు దానంతటదే రాదని అమెరికా సుప్రీంకోర్టు 1982లో న్యూమెక్సికో కేసులో తేల్చింది. మీ రాష్ట్ర చట్టంలో వేరే మినహాయింపు ఏదైనా ఉంటే దాని సర్టిఫికెట్ సంపాదించుకోండి. ఊరికే ‘ట్యాక్స్ ఎగ్జెంప్ట్’ అని రాసి పంపకండి.

స్టాక్ రిక్విజిషన్: తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే

రిక్విజిషన్ పంపే పద్ధతి పేరు జీఎస్ఏకైతే ఫెడ్‌స్ట్రిప్, రక్షణ శాఖకైతే మిల్‌స్ట్రిప్. రెండూ పంచ్ కార్డుల కాలం నాటి ఎనభై గళ్ల ఫార్మాట్ నుంచి వచ్చినవే. ఇవాళ వెబ్ తెరలో నింపినా వెనకాల అవే గళ్లుంటాయి. అందుకే ఒక్క అక్షరం తేడా వచ్చినా సిస్టమ్ తిప్పి పంపుతుంది. అంతకన్నా ప్రమాదం, తిప్పి పంపకుండా తప్పు సరుకు పంపేయడం.

ప్రతి రిక్విజిషన్‌కూ వేసే డాక్యుమెంట్ నంబర్‌లో పద్నాలుగు గళ్లుంటాయి. మొదటి ఆరు మీ అడ్రస్ కోడ్. తర్వాతి నాలుగు తేదీ: సంవత్సరంలో చివరి అంకె, ఆ ఏడాదిలో అది ఎన్నో రోజో మూడు అంకెల్లో. 2025 మార్చి 1 అయితే 5060. చివరి నాలుగు మీ సీరియల్. ఒకసారి వాడిన నంబర్ మళ్లీ వాడకూడదు. ఇద్దరు ఉద్యోగులు ఒకే రోజు విడివిడిగా 0001 నుంచి మొదలుపెడితే ఏమవుతుందో ఊహించుకోండి. సీరియల్ రిజిస్టర్ ఒక్కరి చేతిలోనే ఉండాలి.

వస్తువును గుర్తించేది నేషనల్ స్టాక్ నంబర్, పదమూడు అంకెలు. ప్రభుత్వ ఆఫీసుల్లో ఎక్కడ చూసినా కనిపించే స్కిల్‌క్రాఫ్ట్ నల్ల సిరా బాల్ పాయింట్ పెన్ను నంబర్ 7520-00-935-7135. మొదటి నాలుగు అంకెలు సరుకు తరగతి, 7520 అంటే ఆఫీసు పరికరాలు. తర్వాతి రెండు దేశం కోడ్, 00 అంటే అమెరికా. ఈ పెన్ను అమ్మే కొలమానం డజను. పన్నెండు పెన్నులు కావాలని పరిమాణం గడిలో 12 వేస్తే 144 పెన్నులొస్తాయి. పెన్నులైతే నవ్వుకుని ఊరుకుంటాం, అదే గ్యాస్ మాస్క్ ఫిల్టర్లో కేబుల్ డ్రమ్ములో అయితే బడ్జెట్‌కు చిల్లు పడుతుంది. పరిమాణం వేసే ముందు కొలమానం గడి చూడడం అలవాటు చేసుకోండి.

సిగ్నల్ కోడ్ అని ఒక్క అక్షరం గడి ఉంటుంది. సరుకు ఎక్కడికి, బిల్లు ఎక్కడికి అన్నది అదే తేలుస్తుంది. ఏ అక్షరం వాడాలో లేఖలో లేకపోతే అడిగి రాయించుకోండి. ఇది తప్పితే సరుకు మీకొచ్చి బిల్లు ఇంకెవరికో పోతుంది, తర్వాత నెలల తరబడి ఈమెయిల్సే. ప్రాధాన్యం కోడ్ 01 నుంచి 15 దాకా ఉంటుంది. త్వరగా వస్తుందని మీకు కేటాయించని పెద్ద ప్రాధాన్యం వేయకండి, వివరణ అడుగుతారు.

ఆ పెన్నుతోనే ఇంకో విషయం. స్కిల్‌క్రాఫ్ట్ వస్తువులు తయారుచేసేది చూపులేని కార్మికులు పనిచేసే సంస్థలు. 1938 నాటి చట్టం, 1971లో దాని విస్తరణ కింద, ఎబిలిటీవన్ జాబితాలో ఉన్న వస్తువుల్ని ప్రభుత్వ వాడకం కోసం కొనే కాంట్రాక్టర్లు అక్కడి నుంచే కొనాలి. మీ కాంట్రాక్టులో 52.208-9 ఉంటే ఈ బాధ్యత మీదే. వాళ్లు సమయానికి ఇవ్వలేకపోతే వెంటనే ఆఫీసర్‌కు తెలియజేయాలి. మీరే నిర్ణయించుకుని బయట కొనకూడదు. ఈ వస్తువుల కోసం ఇచ్చే అనుమతికి ఆఫీసర్ ప్రత్యేక కారణాల రాత పెట్టనక్కర్లేదు, కాబట్టి అది త్వరగానే వస్తుంది.

అన్నిటికీ మించిన నియమం: కాంట్రాక్టు పనికి కావాల్సినవే కొనాలి. ఆఫీసు రిసెప్షన్‌కు కుర్చీలు, పక్క ప్రాజెక్టుకు టోనర్, ‘ఎలాగూ చవగ్గా వస్తోంది కదా’ అని నాలుగు ఎక్కువ, ఇవేవీ కుదరవు. అలా కొని బిల్లు ప్రభుత్వానికి వేస్తే విషయం ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ దాకా పోతుంది. ఆ చట్టంలో నష్టానికి మూడింతలు రాబడతారు.

సరుకు దిగిన రోజు

పెట్టెలు విప్పేటప్పుడే డాక్యుమెంట్ నంబర్, స్టాక్ నంబర్, పరిమాణం సరిచూసి, తేదీ వేసి సంతకం పెట్టించండి. తక్కువ వచ్చినా, పగిలినా, వేరేది వచ్చినా డిస్క్రిపెన్సీ రిపోర్ట్ పెట్టాలి. పాత వాడుకలో దాని ఫారం ఎస్ఎఫ్ 364. దీనికి గడువు ఉంటుంది. ఫోన్ చేసి చెప్పాం కదా అంటే లెక్కలోకి రాదు.

బిల్లు కట్టడం

మీకు ప్రభుత్వం చెల్లించాక ఈ సరుకు బిల్లు కడదాం అనుకుంటే బోల్తా పడతారు. రక్షణ శాఖ క్లాజ్ ప్రకారం సరైన ఇన్‌వాయిస్ తేదీ నుంచి 30 రోజుల్లోగా కట్టాలి. ప్రతి ఇన్‌వాయిస్ మీద అందిన తేదీ వేయాలి. ఆలస్యమైతే వడ్డీ లెక్కకు ఆ ఇన్‌వాయిస్‌నే డిమాండ్ నోటీసుగా చూస్తారు. మొండికేస్తే తర్వాతి రిక్విజిషన్లు ఆపేస్తారు, లేదా అనుమతే రద్దు చేస్తారు. రద్దు చేసే ముందు నోటీసు ఇస్తారు, అది అందిన 10 రోజుల్లో మీ వాదన చెప్పుకోవచ్చు. కానీ అనుమతి పోయింది కాబట్టి పని ఆలస్యమైందంటే ఒప్పుకోరు. చిన్న కంపెనీకి నిజమైన టెన్షన్ ఇక్కడే. బ్యాంకులో కొంత వర్కింగ్ క్యాపిటల్ పక్కన పెట్టుకోకుండా ఈ మార్గం ఎంచుకోవద్దని నా సలహా, ధర ఎంత చవకైనా సరే.

మీరు ప్రభుత్వానికి వేసే వోచర్‌లో, అంటే ఖర్చు బిల్లులో, కొన్న ధరే చూపించాలి. ఖర్చు మీద ఇంత శాతం అని లాభం వేసుకునే పద్ధతి చట్టం పూర్తిగా నిషేధించింది. మీకొచ్చే ఫీజు కాంట్రాక్టులో ఉన్నదే.

వస్తువు మీ దగ్గరున్నా యజమాని ప్రభుత్వం

52.245-1 ప్రకారం ప్రతి వస్తువుకూ రికార్డు ఉండాలి: వివరణ, వచ్చిన సంఖ్య, ఇచ్చిన సంఖ్య, మిగిలింది, ఒక్కోదాని ధర, కొలమానం, ఏ కాంట్రాక్టు కింద, ఎక్కడుంది, చివరికి ఏమైంది. ల్యాప్‌టాప్ అయితే ట్యాగ్ అంటించి, ఎవరి చేతిలో ఉందో రాయండి. ఉద్యోగి మానేసిన రోజు అది తిరిగొచ్చిందా అన్నది హెచ్ఆర్ చెక్‌లిస్టులో ఉండాలి. ఎప్పటికప్పుడు లెక్కపెట్టాలి. ఏదైనా పోతే దాచకుండా వెంటనే రిపోర్ట్ చేయాలి. ఎక్సెల్ షీటు చాలు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కానీ ఆ షీటును అప్‌డేట్ చేసే మనిషి ఒకరుండాలి.

వాహనాల మాట

జీఎస్ఏ ఫ్లీట్ వాహనాలకు వేరే అనుమతి, వేరే క్లాజ్, 52.251-2. కాస్ట్ రీయింబర్స్‌మెంట్ కాంట్రాక్టులకే ఇస్తారు. కాంట్రాక్టుకు సంబంధం లేని వాడకం ఖర్చు ప్రభుత్వాన్ని అడగకుండా మేమే భరిస్తామని, దుర్వినియోగం చేసిన ఉద్యోగుల మీద చర్య తీసుకుంటామని రాసివ్వాలి. ఇన్సూరెన్స్ రుజువు చూపాలి. దారిలో పిల్లల్ని స్కూల్ దగ్గర దింపడం కూడా సొంత వాడకమే.

కాంట్రాక్టు ముగిసేటప్పుడు

గడువు తీరే ముందే కొత్త ఆర్డర్లు ఆపండి. దారిలో ఉన్న రిక్విజిషన్లు, స్టాక్ లేక ఆగి ఇంకా రావాల్సిన బ్యాక్ ఆర్డర్లు చూసి, అవసరం లేనివి రద్దు చేయించండి. లేకపోతే అనుమతి అయిపోయాక సరుకు వచ్చి వాకిట్లో కూర్చుంటుంది. మిగిలిన వస్తువుల జాబితాను ఎస్ఎఫ్ 1428 ఫారంలో పెట్టి, ఏం చేయాలో ప్రభుత్వం చెప్పేదాకా అమ్మకండి, పంచకండి, పారేయకండి. అడ్రస్ కోడ్‌ను రద్దు చేయమని ఆఫీసర్‌కు రాయండి, ఎందుకంటే ఆ కోడ్ పేరు మీద ఎవరు ఆర్డర్ పెట్టినా బిల్లు మీకే వస్తుంది. అనుమతి లేఖ, రిక్విజిషన్లు, రసీదులు, ఇన్‌వాయిస్‌లు, ఆస్తి రికార్డు అన్నీ ఒకే ఫోల్డర్‌లో, చివరి చెల్లింపు తర్వాత కనీసం మూడేళ్లు ఉంచాలి. వివాదమో క్లెయిమో నడుస్తుంటే అది తేలేదాకా ఉంచాలి.